ఎత్తితే ఆగిపోతుంది



ఈసారి రింగ్‌టోన్ గురించి రాస్తున్నాను. "ఆపా, ఇంకేం దొరకలేదా రాయడానికి" అనకండి. మా అమ్మీ ఫోన్లో ఒక రింగ్‌టోన్ పెట్టే పని ఎండాకాలం చివర్లో మొదలుపెడితే వానాకాలం వెళ్ళాక తెమిలింది. ఈ మధ్యలో మర్హూమ్ అబ్బా గురించి నాకు తెలియని సంగతి ఒకటి తెలిసింది. అమ్మీ గురించి కూడా తెలిసింది.

2022 మే 24 దగ్గర మొదలుపెట్టాలి. కోనసీమలో ఆ తారీఖు ఎవరూ మర్చిపోరు. ఏప్రిల్ 4న మనది కొత్త జిల్లా అయింది. జిల్లా పేరు మీద గొడవ ముదిరి ఆ సాయంత్రం అమలాపురంలో ఇళ్ళు, బస్సులు తగలబడ్డాయి. టీవీ పెడితే మంటలే. మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. అప్పుడు నేను కొత్తపేటలో ఉన్నాను. అమ్మీ అమలాపురంలో ఒక్కతే ఉంది. తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు.

తమ్ముడు రోజూ ఇషా నమాజ్ అయ్యాక అమ్మీకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తాడు. ఆ టైముకి అమ్మీ ఫోన్ చేతిలో పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చుంటుంది కాబట్టి అది మోగినా మోగకపోయినా ఒకటే. ఆ రోజు నెట్ లేదు. వాడు డబ్బులు పోసి మామూలు కాల్ చేశాడు. వేళ కాని వేళలో చేశాడు. అమ్మీ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. చివరికి నాకు చేశాడు.

"ఆపా, పదిహేడు సార్లు చేశాను. ఎత్తడం లేదు. ఇక్కడ టీవీలో మనూరు కాలిపోతోంది. ఏం జరిగిందో చెప్పు, నా దగ్గర దాచకు."

నేనూ చేశాను. రింగ్ పోతోంది గానీ ఎత్తడం లేదు. రోడ్లన్నీ బంద్. వెళ్దామంటే బస్సు లేదు, ఆయన బండి తీస్తానంటే నేనే వద్దన్నాను. ఎదురింటి పిన్నిగారి నంబరు గుర్తొచ్చి ఆవిడకి చేశాను. పాపం ఆవిడ చీకట్లో, ఆ గొడవలో, టార్చి పట్టుకుని మా ఇంటికి వెళ్ళి చూసి వచ్చారు. "మీ అమ్మగారు నమాజు చాప మీద కూర్చుని తస్బీ తిప్పుకుంటున్నారమ్మా. ఫోను తలగడ పక్కనే ఉంది. మోగుతూనే ఉంది" అన్నారు.

పిన్నిగారి ఫోన్‌లో అమ్మీని పిలిపించి మాట్లాడాను. "ఏమో బేటీ, ఫోన్ మోగలేదే" అంది అమ్మీ. తమ్ముడికి ఖైరియత్ చెప్పాను. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ ఫోన్ మార్చెయ్" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత వెళ్ళగలిగాను. మొదట చేసిన పని అమ్మీ ఎదురుగా కూర్చుని నా ఫోన్‌ నుంచి రింగ్ ఇవ్వడం. ఫోన్ భేషుగ్గా మోగింది. కంపెనీ వాడు పెట్టిన సన్నటి గంట, కీచుమని. అమ్మీ మాత్రం ఫ్యాన్ వంక చూస్తూ కూర్చుంది. నేను మాట్లాడితే మాత్రం అన్నీ వినిపిస్తున్నాయి, అన్నిటికీ జవాబు చెప్తోంది.

చెవుల డాక్టరుకి చూపిస్తే ఆయన నవ్వి, ఫోన్ బాగానే ఉందన్నారు. వయసు మీద పడేకొద్దీ చెవికి ముందు పోయేది సన్నటి శబ్దాలేనట. ప్రెషర్ కుక్కర్ ఈల, ఫోన్ గంట, ఇవన్నీ ఆ పై స్థాయివి. మనిషి గొంతు వాటికన్నా కింద ఉంటుంది, అది చాలాకాలం నిలుస్తుంది. "మిషన్ పెట్టుకుంటే మంచిదే. ఈలోగా ఆ గంట మార్చండి, కొంచెం మోటు శబ్దం పెట్టండి" అన్నారు. అమ్మీ మిషన్‌కి ససేమిరా అంది. ఇక మిగిలింది గంట మార్చడమే.

అది చిటికెలో పని అనుకున్నాను. మా ఇంట్లో రింగ్‌టోన్ల విషయంలో అనుభవం తక్కువేం కాదు. తమ్ముడు డిగ్రీ చదివే రోజుల్లో వాడి దగ్గర నోకియా ఉండేది. దానిలో కంపోజర్ అని ఒకటి ఉండేది. ఏ కీ తర్వాత ఏ కీ నొక్కాలో కాగితం మీద రాసుకుని, వేళ్ళు నొప్పెట్టేలా నొక్కి, చివరికి టీ-టీ-టీ అని ఒక సినిమా పాట పలికించేవాడు. వాళ్ళ దోస్తులంతా చుట్టూ చేరి ఏ పాటో కనిపెట్టేవాళ్ళు. నోకియా సొంత ట్యూన్ కూడా కంపెనీ కట్టిందేం కాదు, ఫ్రాన్సిస్కో తారెగా అనే స్పెయిన్ గిటార్ ఉస్తాద్ 1902 నాటి బాణీలోంచి కోసుకున్న ముక్క అని ఈ మధ్యే చదివాను. అంటే పాత పాటలోంచి ముక్క కోసి గంట కట్టడం మొదటి నుంచీ ఉన్న పనే.

తర్వాత మెమరీ కార్డుల రోజులొచ్చాయి. ఊళ్ళో ప్రతి సెల్ షాపు ముందూ "పాటలు ఎక్కించబడును" అని బోర్డు ఉండేది. కార్డు ఇస్తే అరగంటలో నింపి ఇచ్చేవాడు. మనకి కావలసిన నాలుగు పాటలూ, వాడికి నచ్చిన నాలుగొందలూ అందులో ఉండేవి.

ఆ తర్వాత కాలర్ ట్యూన్ వచ్చింది. రింగ్‌టోన్ అంటే మనకి వినిపించేది, కాలర్ ట్యూన్ అంటే మనకి ఫోన్ చేసినవాళ్ళకి వినిపించేది. ఈ తేడా అమ్మీకి ఎవరూ చెప్పలేదు. ఒకసారి ఏదో కంప్యూటర్ గొంతు ఫోన్ చేసి స్టార్ నొక్కమంటే నొక్కిందట. మూడు నెలలు బ్యాలెన్స్ కోత. ఆ మూడు నెలలూ అమ్మీకి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ఒక మాంఛి ఐటం సాంగ్ విన్నారు. చందా కోసం ఫోన్ చేసిన మదరసా హజ్రత్ "అమ్మా, మీ ఫోన్ చాలా హుషారుగా ఉంది" అన్నాక గానీ మాకు తెలియలేదు. అమ్మీ తౌబా తౌబా అని వారం రోజులు ఫోన్ ముట్టుకోలేదు.

అందుకే ఈసారి మన సొంత పాటల్లోంచే తీద్దాం అనుకున్నాను. పాటలంటే అబ్బా సందూకే.

అబ్బా ఇరవై ఏళ్ళు కువైట్‌లో వంటపని చేశారు. మన అమలాపురం, రాజోలు, మలికిపురం వైపు వీధికి ఒక ఇల్లయినా గల్ఫ్ కూడు తిన్నదే కదా. వచ్చినప్పుడల్లా ఆయన తెచ్చింది రెండు రకాలు, అత్తరు సీసాలు, క్యాసెట్లు. అబ్బా 2009లో అల్లాహ్‌కి ప్యారే అయ్యారు. అత్తర్లు ఎప్పుడో అయిపోయాయి. క్యాసెట్లు మాత్రం రేకు సందూక్‌లో, పాత దుప్పటి కింద అలాగే ఉన్నాయి. అజీజ్ నాజాఁ ఖవ్వాలీలు, నాతులు, షేక్ చినమౌలానా సాబ్ నాదస్వరం. చినమౌలానా మన కరవది నుంచి శ్రీరంగం వెళ్ళి 1977లో పద్మశ్రీ అందుకున్న మనిషి, అబ్బాకి ఆ పేరు చెప్పుకోవడం గొప్ప ఫఖర్. ఇంకా మహమ్మద్ రఫీ. హిందీ రఫీ అందరి ఇళ్ళల్లో ఉంటాడు. మా ఇంట్లో తెలుగు రఫీ ఉన్నాడు. భలే తమ్ముడు, ఆరాధన, అక్బర్ సలీం అనార్కలి, ఎన్టీఆర్ సినిమాల్లో రఫీ పాడినవి. "చూడండి, మనాళ్ళ ఆవాజ్ ఎంత తియ్యటి తెలుగు పలుకుతోందో" అని పక్కింటివాళ్ళని పిలిచి మరీ వినిపించేవారు.

మా పెద్దాడు ఇంటర్ చదువుతున్నాడు. ఈ పని వాడికి అప్పగించాను. వాడు మొదట ఫోన్లో అజాన్ పెట్టాడు. నానీమా దీన్‌దార్ మనిషి కదా, సంతోషిస్తుందని. అమ్మీ విని అడ్డంగా తల ఊపింది.

"అజాన్ వినిపిస్తే చేసే పని ఆపి వినాలి. ముఅజ్జిన్‌కి జవాబు చెప్పాలి. ఇప్పుడు నేను అజాన్‌కి జవాబు చెప్పనా, ఫోన్‌కి జవాబు చెప్పనా?"

ఆ ప్రశ్నకి మావాడి దగ్గర సమాధానం లేదు. ఖురాన్ ఆయత్‌లు, అజాన్ రింగ్‌టోన్‌గా పెట్టొద్దని చాలామంది ఉలమా చెప్పేదీ ఇందుకే. ఫోన్ ఎత్తగానే ఆయత్ సగంలో తెగిపోతుంది, అర్థం ఎక్కడ తెగుతుందో మన చేతిలో లేదు. పైగా ఫోన్ జేబులో ఉండి బాత్రూమ్‌లో మోగుతుంది. అమ్మీ ఏ ఫత్వా చదవలేదు. తన అదబ్‌తో తానే అక్కడికి చేరింది.

తర్వాత రఫీని పెట్టాడు. మొదలు సన్నగా, నెమ్మదిగా వచ్చే వాయిద్యాలు. పాట అందుకునేసరికే పది పన్నెండు సెకన్లు. మన దేశంలో మొబైల్ రింగ్ ఎంతసేపుండాలో 2019 నవంబర్‌లో ట్రాయ్ తేల్చి చెప్పింది. ఎత్తకపోతే ముప్ఫై సెకన్లు, అంతే. అందులో పన్నెండు సెకన్లు వాయిద్యాలకే పోతే, అమ్మీ కళ్ళద్దాలు వెతుక్కుని ఫోన్ దగ్గరికి వచ్చేలోపు ఆగిపోతుంది. సరే, గొంతు మొదలయ్యే చోట కోశాం. వినిపించింది. అమ్మీ మొహం ఎర్రబడింది. "తీసెయ్యండి. మీ అబ్బా ఈ పాట పెడితే మీ దాదీమా మంచం మీంచి దగ్గేది. ఈ వయసులో నాకిదేం షరం" అంది.

సందూక్ అడుగున వేరే రకం క్యాసెట్లు ఉన్నాయి. వాటి మీద పాటల పేర్లు లేవు, పెన్నుతో తారీఖులు ఉన్నాయి. ఇవి ఖత్‌లు. మీలో నలభై దాటినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. అమ్మీకి చదువు రాదు, అబ్బాకి రాయడం అంతంత మాత్రం. ఎవరిచేతో చదివించుకుంటే గుట్టు ఉండదు. ఫోన్ అంటే నిమిషానికి మీటరు పరిగెత్తే రోజులు. అందుకని అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేతికి ఇచ్చి పంపేవారు. మేం టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవాళ్ళం. తర్వాత మేం మాట్లాడి, వెళ్ళేవాళ్ళ చేత పంపేవాళ్ళం. గల్ఫ్ ఇళ్ళల్లో సగం సంసారాలు ఆ క్యాసెట్ల మీదే నడిచాయి.

వాటిని బయటికి తీయగానే నాకు తోచింది. మనిషి గొంతు వినిపిస్తుందన్నారు డాక్టరు. అబ్బా గొంతు కన్నా అమ్మీకి బాగా తెలిసిన గొంతు ఏముంది?

అమ్మీని అడిగాను. ఆ క్యాసెట్లు ఆవిడవి, వాటిలో మాటలు ఆవిడ అమానత్. కాసేపు తస్బీ తిప్పి "విను. కానీ నువ్వొక్కదానివే విను" అంది.

టేప్‌రికార్డర్ ఆన్ చేస్తే మోటారు తిరుగుతోంది గానీ క్యాసెట్ తిరగడం లేదు. లోపలి రబ్బరు బెల్టు జీళ్ళపాకంలా కరిగి అంటుకుపోయింది. రాజోలులో ఒక ముసలి రేడియో మెకానిక్ ఇంకా కొట్టు తెరుస్తున్నాడని మామూ చెప్తే అక్కడికి తీసుకెళ్ళాను. బెల్టు మార్చి, హెడ్డు స్పిరిట్‌తో తుడిచి, "ముందు పనికిరాని క్యాసెట్ వేసి చూసుకోండమ్మా, తర్వాతే మంచివి పెట్టండి" అని చెప్పాడు. ఆ ఒక్క మాటకే ఆయనకి ఎంత ఇచ్చినా తక్కువే. మొదట వేసిన ఖాళీ క్యాసెట్‌ని అది నమిలి ముద్ద చేసింది. రెండోసారి మళ్ళీ సరిచేయించాక బాగా నడిచింది. మన గాలిలో తేమ ఎక్కువ కదా, కొన్ని క్యాసెట్ల అంచున తెల్లటి బూజు పట్టింది. వాటిని మెత్తటి బట్టతో తుడిచి, ముందుకీ వెనక్కీ ఒకసారి తిప్పి అప్పుడు పెట్టాను.

మీ ఇంట్లోనూ ఇలాంటివి ఉండొచ్చు, అందుకని ఎలా చేశానో చెప్తాను. టేప్‌రికార్డర్‌కి ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రం ఉంటుంది. అక్కడ నుంచి రెండు వైపులా పిన్నున్న వైరుతో కంప్యూటర్ మైకు రంధ్రానికి కలపాలి. కొత్త ల్యాప్‌టాప్‌లకి ఆ రంధ్రం వేరుగా ఉండదు, యూఎస్‌బీకి పెట్టే చిన్న సౌండ్ కార్డు కొనుక్కుంటే సరిపోతుంది. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దానిలో ఎర్ర బొత్తం నొక్కి క్యాసెట్ ఆడించడమే. దీనికి తొందర దారి లేదు. అరగంట వైపు రికార్డ్ అవడానికి అరగంట పడుతుంది. గీత ఎరుపులోకి పోకుండా వాల్యూమ్ చూసుకోవాలి, ఒకసారి పగిలిన శబ్దాన్ని తర్వాత అతికించలేం.

టేపు 'సూ...' మని చేసే చప్పుడు తీయడానికి ఎవరూ మాట్లాడని రెండు మూడు సెకన్లు ఎంచి, ఇదీ చప్పుడు అని దానికి చూపించాలి. మిగతా అంతటా అది తగ్గిస్తుంది. ఎక్కువ తగ్గిస్తే మనిషి నూతిలోంచి మాట్లాడినట్టు అవుతుంది. కొంచెం సూ ఉన్నా పర్లేదు, గొంతు గొంతులా ఉండాలి.

రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక్కో వైపూ ఎక్కించాను. అబ్బా మాట్లాడుతూనే ఉన్నారు. చిట్టీ కట్టావా అంటున్నారు, కఫీల్ పాస్‌పోర్ట్ ఇవ్వడం లేదంటున్నారు, పెద్దదాన్ని స్కూల్ మాన్పించొద్దు అంటున్నారు. ఆ పెద్దదాన్ని నేనే. ఈ బ్లాగు రాస్తున్నానంటే ఆ మాట వల్లే.

పన్నెండో రాత్రి 1996 నవంబర్ క్యాసెట్ వచ్చింది.

96 తుఫాను సంగతి మీకు తెలుసు. నవంబర్ 6 రాత్రి. వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే కొబ్బరి తోటలు పేకముక్కల్లా పడి ఉన్నాయి. మా ఇంటి పెంకులు ఒక్కటి మిగల్లేదు. ఎదురింటి పిన్నిగారి డాబాలోనే మేమంతా రాత్రంతా నిలబడ్డాం. ఫోన్ స్తంభాలు కూలిపోయాయి. అబ్బాకి అక్కడ రేడియోలో కోనసీమ అనే మాట వినపడింది, అంతే. ఫోన్ కలవదు, ఎవరు ఉన్నారో ఎవరు పోయారో తెలీదు. ఆయన క్యాసెట్ తీసి మాట్లాడటం మొదలుపెట్టారు, ఎవరో ఒకరు ఊరు వెళ్ళకపోతారా అని.

ఆ క్యాసెట్ వచ్చినప్పుడు మేమూ విన్నాం. మొదటి వైపు. అమ్మాజాన్ ఎలా ఉంది, పెద్దది ఎలా ఉంది, చిన్నోడు ఎలా ఉన్నాడు, గేదె, నూతి పక్క చెట్టు, మస్జిద్ మినార్... ఒక్కొక్కటీ అడుగుతూ పోయారు. రెండో వైపు ఖాళీ అని అమ్మీ అప్పట్లో చెప్పింది. ఇన్నేళ్ళూ మేం ఖాళీ అనే అనుకున్నాం.

ఖాళీ కాదు. చాలాసేపు ఏమీ లేదు. ఏసీ మోత, ఎక్కడో కారు హారన్. తర్వాత అబ్బా అమ్మీని పేరు పెట్టి పిలిచారు.

మా ఇళ్ళల్లో ఆ తరం మగవాళ్ళు బీవీని పేరుతో పిలవరు. అబ్బా "అజీ" అనేవారు, లేకపోతే నా పేరు చెప్పి "ఫలానా అమ్మీ" అనేవారు. అమ్మీ పేరు ఆయన నోట నేను పుట్టాక ఒక్కసారి వినలేదు. ఆ క్యాసెట్‌లో పిలిచారు. ఆగారు. మళ్ళీ పిలిచారు. "జవాబ్ దే" అన్నారు. జవాబు చెప్పు అని. అంతే, తర్వాత టేపు ఖాళీ.

ఇయర్‌ఫోన్ తీసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

పొద్దున్నే అమ్మీ దగ్గరికి వెళ్ళి, ఆ ముక్క వినిపించి, ఇది పెట్టనా అని అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. అది అక్కడ ఉందని ఆవిడకి ఎప్పుడూ తెలుసు. "పెట్టు" అంది.

పదకొండు సెకన్ల ముక్క. అబ్బాది మంద్రమైన గొంతు, ఫోన్ స్పీకర్ గోరంత ఉంటుంది కాబట్టి కింది స్థాయి దానిలో పలకదు. అమ్మీ చెవి చూస్తే పై స్థాయి పట్టదు. ఇద్దరికీ కుదిరేది మధ్యలోనే. ఈక్వలైజర్‌లో బాగా కిందివి తగ్గించి, వెయ్యి రెండు వేల హెర్ట్జ్ దగ్గర కొంచెం పెంచితే మాట స్పష్టంగా బయటికి వచ్చింది. ఎంపీ3 చేసి, ఫోన్లో రింగ్‌టోన్స్ అనే ఫోల్డర్‌లో వేసి, సెట్టింగ్స్‌లో సౌండ్ దగ్గర ఎంచాను. రింగ్ ఇచ్చాను. వరండాలో ఉన్న అమ్మీ ఠక్కున తలెత్తింది.

తమ్ముడికి చెప్తే వాడు ఫోన్‌లోనే ఏడ్చాడు. ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టు ఆపా, అందరూ వింటారు అన్నాడు. అమ్మీ ఒప్పుకోలేదు. "ఆయన నన్ను పిలిచారు. మీ గ్రూప్‌ని కాదు." అందుకే ఆ పేరు ఇక్కడ కూడా రాయడం లేదు.

నేను చాలా ఘనకార్యం చేశాననుకుని కొత్తపేట వచ్చేశాను. రెండు వారాలు బాగానే నడిచింది. మీలాద్ అయిన వారం తమ్ముడి ఫోన్. "ఆపా, మళ్ళీ ఎత్తడం లేదు. ఇషా తర్వాత తప్ప ఎప్పుడు చేసినా మిస్డ్ కాలే."

వెళ్ళాను. అమ్మీకి చెప్పకుండా వంటింట్లో నిలబడి రింగ్ ఇచ్చాను. తలుపు సందులోంచి చూశాను. ఫోన్ అమ్మీ ఒళ్ళోనే ఉంది. అబ్బా గొంతు పిలిచింది. అమ్మీ ఫోన్‌ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎత్తలేదు. చూస్తూ కూర్చుంది. పదకొండు సెకన్లు అయింది, మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ పిలిచారు. ముప్ఫై సెకన్లకి ఆగిపోయింది. అమ్మీ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని దుపట్టా సర్దుకుంది.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "వినిపిస్తోంది కదా అమ్మీ. ఎందుకు ఎత్తడం లేదు?"

"ఎత్తితే ఆగిపోతుంది కదా" అంది.

కాసేపటికి తనే చెప్పింది. "అప్పుడు నేను తిరిగి పంపిన క్యాసెట్‌లో మీరంతా చుట్టూ ఉన్నారు. మీ దాదీమా ఉంది. పెంకుల సంగతి చెప్పాను, చెట్ల సంగతి చెప్పాను. ఆ ఒక్కదానికి జవాబు చెప్పలేదు. ఎలా చెప్తాను అందరి ముందూ? ఆయన వచ్చాక అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు జవాబ్ దే అంటున్నారు. బొత్తం నొక్కితే ఆయన ఆగిపోతారు. నువ్వు మాట్లాడతావు, లేకపోతే గ్యాస్‌ వాడు మాట్లాడతాడు."

నాకు అజాన్ సంగతి గుర్తొచ్చింది. రింగ్‌టోన్ అంటే సగంలో తెంపడానికి పెట్టుకునేది. ఎంత తొందరగా తెంపితే దాని పని అంత బాగా అయినట్టు. అజాన్‌ని తెంపడం అదబ్ కాదని అమ్మీ మొదటి రోజే చెప్పింది. ఆ మాట విని కూడా నేను తెంపలేనిదాన్ని తెచ్చి గంట చేశాను. అవతల కువైట్‌లో కొడుకు పరేషాన్ అవుతుంటే, ఇవతల ఈవిడ ఖావింద్ పిలుపుకీ కొడుకు పిలుపుకీ మధ్య కూర్చుంది. తప్పు ఆవిడది కాదు, నాది.

ఆ సాయంత్రమే మార్చాను. ఈసారి అమ్మీనే ఎంచింది. అబ్బా సందూక్‌లోని ఒక ఖవ్వాలీ మొదలు, ఖవ్వాల్ నోరు తెరవకముందు ముక్క. హార్మోనియం, చప్పట్లు. చప్పట్ల దెబ్బ ఫోన్ స్పీకర్‌లో బాగా పలుకుతుంది, అమ్మీ చెవికీ అందుతుంది. పైగా అందులో మాట లేదు. ఎక్కడ ఆపినా ఎవరి మాటా తెగదు.

అబ్బా ముక్కని వేరే పెట్టాను. ఫోన్ మొదటి పేజీలో ఒక్క బొమ్మ, నొక్కితే మొదటి నుంచి చివరిదాకా వినిపిస్తుంది, మధ్యలో ఎవరూ ఫోన్ చేయకుండా ఎలా ఉంచుకోవాలో కూడా నేర్పాను. మొత్తం క్యాసెట్లన్నీ నా కంప్యూటర్‌లో ఒక నకలు, పెన్‌డ్రైవ్‌లో ఒక నకలు, తమ్ముడి దగ్గర ఒక నకలు ఉన్నాయి. రెండో వైపు మాత్రం తమ్ముడి నకలులో లేదు. అది అమ్మీ షరతు.

మీ అటక మీద కూడా తారీఖులు మాత్రమే రాసి ఉన్న క్యాసెట్లు ఉంటే ఈ సెలవుల్లో దించండి. టేపు మీది పొడి ఏడాదికేడాదికీ రాలిపోతుంది, బూజు ఆగదు, బెల్టు మార్చగలిగిన మెకానిక్‌లు ముసలివాళ్ళవుతున్నారు. ముందు ఆ మాటలు ఎవరివో వాళ్ళని అడగండి. ఖాళీ అన్న వైపు కూడా చివరిదాకా ఆడించండి. కానీ అందులోంచి ఫోన్‌కి గంట కట్టే ముందు, అది మధ్యలో ఆగితే మీ ప్రాణానికి ఎలా ఉంటుందో ఒకసారి చూసుకోండి.

నిన్న జొహర్ అయ్యాక అమ్మీకి ఫోన్ చేశాను. రెండో రింగ్‌కే ఎత్తింది. "ఏం వండావు" అని అడిగింది. గోంగూర గోష్ అన్నాను. కాసేపు దాని మీద మాట్లాడుకున్నాం. పెట్టేస్తుంటే అడిగాను, "అమ్మీ, అబ్బాది వింటున్నావా?"

"రాత్రి ఇషా అయ్యాక, మీ తమ్ముడితో మాట్లాడాక, ఒక్కసారి" అంది. ఆగి, "ఇప్పుడు జవాబు చెప్తున్నాను" అంది.

ఏమని చెప్తోందో నేను అడగలేదు.